తేలేదాకా నావి

(గ్రామాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో, ఆస్తి హక్కుల మీద చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. భూమి గురించీ, ఇంటి పట్టాల గురించీ నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు మీలోనే ఉన్నారు. నేను ఇవాళ కోడిపిల్లల గురించి మాట్లాడతాను. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. పదిహేనేళ్ల కిందట ఎవరైనా ఇలా మొదలుపెట్టి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

ముందుగా ఒక మాట చెప్పాలి. నేను పుట్టిన ఇంట్లో కోడి గడప తొక్కడానికి వీల్లేదు. మా కులం ఆచారం అది. కాబట్టి కోళ్ల గురించి నాకు తెలిసిందంతా దళిత, వెనుకబడిన కులాల, ఆదివాసీ స్త్రీలు వాళ్ల పెరళ్లలో కూర్చోబెట్టి నేర్పిందే. డాక్టరేటు నాకు విశ్వవిద్యాలయం ఇచ్చింది గానీ ఈ చదువు మాత్రం అక్కడిది కాదు.

పరిశోధన కోసం తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో, ఏజెన్సీకి ఆనుకుని ఉన్న ఊళ్లలో తిరిగేటప్పుడు నా దగ్గర పెద్ద ప్రశ్నావళి ఉండేది. అందులో ఒక ప్రశ్న, "ఇంట్లో కోళ్లు ఎవరివి?" మగవాళ్లను అడిగితే, "ఆడోళ్లవేనండీ, మాకేం సంబంధం" అనేవారు. ఆడవాళ్లు కూడా చాలామంది "మాయే" అనేవారు. నేను సంతోషంగా "స్త్రీ ఆస్తి" అన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. పొలం ఆమె పేరున లేదు, ఇల్లు లేదు, పశువులు లేవు. పోనీ, కోళ్లయినా ఉన్నాయి కదా అనుకునేదాన్ని.

ఒక రోజు ఒక ముసలమ్మ నా ప్రశ్న విని, "ఏ కోళ్లమ్మా?" అని ఎదురడిగింది. నాకు అర్థం కాలేదు. "పెట్టలు నావి. పుంజులు ఆయనవి" అంది. మరి పిల్లల సంగతేమిటని అడిగాను. ఆవిడ గంప కింద ఉన్న పిల్లల వైపు చూసి, "తేలేదాకా నావి" అంది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. పిల్ల పెట్టో పుంజో తేలేదాకా అది ఆమెది. పెట్ట అని తేలితే ఆమెదిగానే ఉంటుంది. పుంజు అని తేలిన రోజున, ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండానే, యాజమాన్యం చేతులు మారుతుంది. నా ప్రశ్నావళిలో దీన్ని రాసుకోవడానికి గడి లేదు. అప్పటికే వందల ఇళ్లలో నేను పెట్టిన టిక్కులు సగం అబద్ధమయ్యాయి.

ఆ తేలడం ఎలా జరుగుతుందో, అప్పటివరకూ ఎవరి శ్రమ ఎంత పోతుందో కొంచెం వివరంగా చూద్దాం. మనం స్త్రీల శ్రమ కనబడకుండా పోతోందని ఎప్పుడూ అంటుంటాం. కానీ ఆ శ్రమలో ఏముందో చెప్పమంటే చాలాసార్లు మన దగ్గర వివరం ఉండదు.

పెట్ట పొదుగుకొచ్చిందని గుర్తుపట్టడంతో పని మొదలవుతుంది. బుట్టలోనో పాత కుండలోనో గడ్డి పరిచి, పదో పన్నెండో గుడ్లు పొదగేస్తారు. అంతకన్నా ఎక్కువ పెడితే పెట్ట రెక్కల కింద ఇమడవు, అన్నిటికీ వేడి అందదు. వారం తర్వాత చీకట్లో గుడ్డును దీపానికి అడ్డం పెట్టి చూస్తారు. లోపల ఎర్రటి సన్నని నరాలు కనబడితే పిల్ల కడుతోందని, ఏమీ కనబడకపోతే అది వట్టి గుడ్డని తీసేస్తారు. 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. మొదటి వారం నూకలు, మంచినీళ్లు, వెచ్చదనం. తర్వాత చెదలు తవ్వి తెచ్చి వేస్తారు. గద్ద, కాకి, పిల్లి, ముంగిస, కుక్క, వీటన్నిటి నుంచీ కాపాడాలి. పొయ్యి దగ్గర ఉన్నా, అంట్లు తోముతున్నా, ఒక చెవి పెరట్లోనే ఉండాలి. గద్ద వచ్చినప్పుడు తల్లికోడి వేసే అరుపు వేరుగా ఉంటుందట. చంటిబిడ్డకు పాలిస్తూ కూర్చున్న ఒకామె ఆ అరుపు విని, బిడ్డను చంకన వేసుకుని బయటికి పరుగెత్తడం నేను చూశాను. నా ప్రశ్నావళిలో "కోళ్ల పెంపకానికి రోజుకు ఎన్ని గంటలు?" అని ఉండేది. ఆమె "ఏముంది, అరగంట" అంది.

ఇక తేల్చడం. నాటు కోళ్లలో పుట్టిన రోజున చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. మొన తేలిన గుడ్డు నుంచి పుంజు, గుండ్రటి గుడ్డు నుంచి పెట్ట వస్తుందని ఊళ్లలో అంటారు. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ మాట చెప్పిన ఆడవాళ్లే, "అంటారు గానీ, నమ్మేదేం కాదు" అని నవ్వేవారు. అసలు గుర్తులు నాలుగైదు వారాల తర్వాత మొదలవుతాయి. మామూలు నాటు కోళ్లలో పుంజుపిల్లకు తలమీద జుట్టు ముందుగా లేచి ఎర్రబడుతుంది. ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉండే అసిల్ జాతిలో జుట్టే చిన్నది, దాన్ని చూసి చెబుదామంటే ఆలస్యమవుతుంది. అందుకని వాళ్లు కాళ్లు చూస్తారు. పుంజుపిల్ల కాలు లావు, నిలబడే తీరు నిటారు. పెట్టపిల్లకు వీపు మీదా తోక దగ్గరా ఈకలు తొందరగా నిండుతాయి, పుంజుపిల్ల వీపు బోసిగా, తోక మొండిగా కొన్నాళ్లుంటుంది. మూడో నెల దగ్గరపడేసరికి మెడ మీదా నడుం దగ్గరా ఈకలు పుంజుకు మొనదేలి మెరుస్తాయి, పెట్టకు గుండ్రంగానే ఉంటాయి. అప్పుడిక ఎవరికైనా తెలుస్తుంది. అయిదో వారంలో తెలియాలంటే మాత్రం రోజూ చూసే కన్ను కావాలి. ఆ కన్ను ఆమెది.

ఇదే నైపుణ్యం ఇంకోచోట ఏమైందో చూడండి. 1920ల్లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒక్కరోజు పిల్లను వెనకవైపు నొక్కి చూసి, లోపలి చిన్న గుర్తును బట్టి ఆడో మగో చెప్పే పద్ధతి కనిపెట్టారు. దానికి బళ్లు వచ్చాయి, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ పని నేర్చినవాళ్లను విదేశాల హేచరీలు జీతాలిచ్చి పిలిపించుకున్నాయి. మన దగ్గర కూడా ఒక రకం గుర్తింపు ఉంది, కాకపోతే అది మగవాళ్ల జ్ఞానానికి. పందెం పుంజుల రంగులు, డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, ఏది ఏ రోజు గెలుస్తుందో చెప్పే పుస్తకానికి కుక్కుట శాస్త్రం అని పేరు. అది అచ్చయి సంక్రాంతికి అమ్ముడుపోతుంది. ఆ డేగ గుడ్డులో ఉన్నప్పటి నుంచీ చూసిన ఆడమనిషికి తెలిసినదాన్ని మనం "అనుభవం" అంటాం. శాస్త్రం అనము.

ఇప్పుడు ఒక సంఘటన చెబుతాను. సాయంత్రం పిల్లల మీద గంప కప్పుతున్న ఒకామె దగ్గర కూర్చున్నాను. భర్త గుమ్మంలోంచి, "ఎన్ని పుంజులే?" అని అడిగాడు. ఆమె తల ఎత్తకుండా, "ఏటో, ఇంకా తేల్లేదు" అంది. ఆయన వెళ్లాక గంప కొంచెం ఎత్తి, వేలితో ఒక్కొక్కదాన్నీ చూపించి, "అది, అది, ఆ నల్లది, ఆ మూలది. నాలుగు" అంది. తర్వాత వారం సంతలో ఆ నాలుగింట్లో రెంటిని ఇంకో ఆడమనిషికి అమ్మేసింది. ఇంట్లో పిల్లి తినేసిందని చెప్పింది. ఆ డబ్బు కూతురి ఇంటర్ పరీక్ష ఫీజుకు పోయింది.

అబద్ధం చెప్పి ఆమె గెలిచిందని నేనూ మొదట సంబరపడ్డాను. లెక్క వేసి చూస్తే సంబరం నిలవలేదు. అదే పుంజును ఏడాది మేపితే సంక్రాంతికి డెల్టా నుంచి వచ్చేవాళ్లు వేలల్లో కొంటారు. అయిదు వారాల పిల్లకు వచ్చేది అందులో ఏ మూలకూ చాలదు. తన వస్తువును తానే చవగ్గా, దొంగతనంగా అమ్ముకోవాల్సి వచ్చింది. మిగిలిన రెండు పుంజులూ భర్త చేతికి వెళ్లాయి. వాటికి గింజలు వేసిందీ, నీళ్లు పెట్టిందీ, కట్టిన చోట ఊడ్చిందీ తర్వాత కూడా ఆమే. శ్రమ మారలేదు, యజమాని మారాడు. పందేలు చట్టవిరుద్ధం. 1960 జంతుహింస నిరోధక చట్టం, 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండూ వాటిని నిషేధించాయి. అయినా ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి. బరిలో చేతులు మారే డబ్బు గురించి పత్రికలు రాస్తాయి. ఆ పుంజు మొదట ఎవరి గంప కింద పెరిగిందో ఎవరూ రాయరు.

ఈ "తేలడం" అన్న మాట నాకు ఇంకో చట్టాన్ని గుర్తుచేసింది. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో లింగ నిర్ధారణ పరీక్షల నిరోధక చట్టం వచ్చింది, 2003లో దాన్ని సవరించి కట్టుదిట్టం చేశారు. 1991 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 945 మంది ఆడపిల్లలుండగా, 2001కి ఆ సంఖ్య 927కి పడిపోయింది. 2011లో ఇంకా తగ్గింది. బిడ్డనూ కోడిపిల్లనూ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. నేనంటున్నది ఒక్కటే: ఆడో మగో తెలియడం దానంతటదే ప్రమాదం కాదు. తెలిసిన తర్వాత ఎవరు ఏం చేయగలరన్నదే ప్రమాదం. అందుకే చట్టం డాక్టరును చెప్పవద్దంటోంది. పెరట్లో ఆమె, ఏ చట్టమూ చెప్పకుండానే, "తేల్లేదు" అంటోంది.

హేచరీకి వెళితే లెక్క మళ్లీ తారుమారవుతుంది. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి తొందరగా ఎదగదు. కాబట్టి పుట్టిన రోజునే వేరుచేసి చంపేస్తారు. మన జాతరల్లో రంగులు పూసి పిల్లలకు అమ్మే కోడిపిల్లలు కూడా చాలావరకు అలా ఏరేసినవే. ఈ చంపడాన్ని జర్మనీ 2022 నుంచి నిషేధించింది. అక్కడ చెత్తకుప్పలో పడేదీ పుంజుపిల్లే, ఇక్కడ ఇంటాయన దొడ్లో రాజులా తినేదీ పుంజుపిల్లే. విలువ శరీరంలో లేదు, లెక్క రాసేవాడి చేతిలో ఉంది. ఇంకో సంగతి. మనుషుల్లో బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. అయినా ఆడపిల్ల పుడితే తల్లినే తిడతారు. కోళ్లలో అది తిరగబడి ఉంటుంది. అక్కడ నిర్ణయించేది తల్లి ఇచ్చే క్రోమోజోమే. పుంజు పుట్టినప్పుడు మాత్రం ఎవరూ పెట్టను మెచ్చుకోరు.

ఇక హక్కుల దగ్గరికి వద్దాం. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ గురించి మనం భూమి కేసుల్లో మాట్లాడతాం. అందులో ఆస్తి అంటే ఏమిటో వివరించిన చోటును ఎక్కువగా చదవము. స్థిరాస్తే కాదు, చరాస్తి కూడా. వారసత్వంగా, కానుకగా వచ్చిందే కాదు, ఆమె తన సొంత నైపుణ్యంతో, శ్రమతో సంపాదించింది కూడా. దానికి ఆమె పూర్తి యజమానురాలు. నైపుణ్యం, శ్రమ. కోడిపిల్లకు ఇంతకన్నా సరిపోయే మాటలు ఏ చట్టంలోనైనా ఉంటాయా? ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదన్నది మాత్రం మర్చిపోకూడదు. కోళ్లు ఎక్కువగా పెంచే ఆదివాసీ స్త్రీల విషయంలో మనం వాళ్ల ఆచారాల్లోంచే వాదన వెతుక్కోవాలి. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసలో, ఆమెకు హక్కున్న చరాస్తిని అమ్మేయడాన్ని కూడా చేర్చింది. పుంజు కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరని నాకు తెలుసు, వెళ్లమనీ అనను. కానీ "ఇంటి పెద్ద అమ్ముకుంటే తప్పేముంది?" అని ఊళ్లో ఎవరైనా అన్నప్పుడు, తప్పేముందో చెప్పే మాట మన దగ్గర ఉండాలి.

ఆచారంలో కూడా మనకు ఆధారం ఉంది. పెట్ట లేని ఆమెకు ఉన్న ఆమె తన పెట్టను వాటాకిస్తుంది. పొదిగించి పెంచినందుకు పిల్లల్లో సగం. నేను చూసిన ఒక పంపకంలో ఇద్దరు ఆడవాళ్లు నేలమీద కూర్చుని, ఒక పెట్ట నీకు, ఒక పెట్ట నాకు, ఒక పుంజు నీకు, ఒక పుంజు నాకు అని పంచుకున్నారు. పుంజు మగవాళ్లదన్న నియమం ఆ పంపకంలో లేదు. అది ఇంట్లోకి వచ్చాకే పుట్టుకొస్తోంది.

ప్రభుత్వ పథకాలు ఈ నియమాన్ని చూడనే లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్ల పైచిలుకు కోళ్లుంటే, అందులో సుమారు 31.7 కోట్లు పెరటి కోళ్లు. ఇంత సంపదను "మహిళల అదనపు ఆదాయం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటు కోళ్ల కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. అది మంచిదే. కానీ అవి పొదుగుకు కూర్చోవడం చాలా అరుదు. ప్రతి విడతా పిల్లల్ని కొనాలి. కొనడానికి డబ్బు కావాలి, డబ్బు తెచ్చినవాడు యజమాని అవుతాడు. పొదిగించడంలో ఉన్న ఆమె పట్టు అక్కడితో పోతుంది. పథకం రాసేవాళ్లు గుడ్లు లెక్కపెడుతున్నారు, పట్టును లెక్కపెట్టడం లేదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? నాకు తోచిన మూడు పనులు చెబుతాను.

మొదటిది, మీ సర్వేల్లో "కోళ్లు ఎవరివి?" అని అడగకండి. పెట్టలు, పుంజులు, పిల్లలు వేరువేరుగా అడగండి. ఎవరు మేపుతారు, ఎవరు అమ్మాలని నిర్ణయిస్తారు, డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఈ మూడూ విడివిడిగా అడగండి.

రెండోది, కొక్కెర తెగులు. ఒక్కసారి వచ్చిందంటే పెట్టా లేదు, పుంజూ లేదు, గంపే ఖాళీ. మొదటి వారంలో కంట్లో గానీ ముక్కులో గానీ వేసే చుక్క, ఎనిమిదో వారం దగ్గర రెక్క కింద ఇచ్చే సూది, ఇవి చాలా కోళ్లను బతికిస్తాయి. కానీ మందు సీసా వంద కోళ్లకు పైగా సరిపోయేలా వస్తుంది. కలిపాక గంటల్లోనే వాడెయ్యాలి. పది పిల్లలున్న ఇల్లు ఒక్కటే కొనలేదు. సంఘం ఒక రోజు పెట్టుకుని ఊరంతటికీ కలిపి వేయించాలి. ఆ చుక్క వేయడం ఊళ్లో ఆడవాళ్లకే నేర్పించండి. పిల్ల వయసు ఎవరికి తెలుసో మందు కూడా వాళ్ల చేతిలోనే ఉండాలి.

మూడోది, సంఘం పుస్తకంలో ఒక పేజీ. పిల్లలు బయటికి వచ్చిన రోజున తేదీ, ఎన్ని పిల్లలు, ఎవరు పొదిగించారు అన్నది రాయండి. ఆ రోజున ఏది ఏదో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడే ఒప్పందం తేలిక. తర్వాత ఏది తేలినా, రాసింది ఆమె పేరే.

అయితే ఒక జాగ్రత్త. "తేల్లేదు" అన్న అబద్ధం కొందరికి ఉన్న ఒకే ఒక రక్షణ. పుస్తకం దాన్ని బయటపెడుతుంది. సంఘంలో అందరూ ఒక మాట మీద నిలబడగలిగిన చోట మాత్రమే ఆ పేజీ తెరవండి. లేకపోతే దెబ్బలు తినేది ఆమె, మనం కాదు. నేను కూడా ఈ సంగతి చాలా ఏళ్లు ఎక్కడా రాయలేదు. వాళ్ల రహస్యాన్ని అమ్ముకుని పేరు తెచ్చుకుంటున్నానా అన్న అనుమానం నన్ను ఆపింది. చివరికి ఆ నల్లపిల్లను చూపించినామెనే వెళ్లి అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "చెప్పండమ్మా. మా ఊరి పేరు మాత్రం చెప్పకండి" అంది. అందుకే చెబుతున్నాను, అందుకే ఊరి పేరు చెప్పడం లేదు.

కోడీ కుంపటీ కథ మీ అందరికీ తెలుసు. తన కోడి కూస్తేనే తెల్లవారుతుందని, తన కుంపట్లో నిప్పు ఇస్తేనే ఊళ్లో పొయ్యిలు వెలుగుతాయని అనుకున్న ముసలమ్మ కథ. ఆమె గర్వం చూసి తరతరాలుగా నవ్వుతున్నాం. ఆ కూసే కోడి ఆమెదేనన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఊరందరి ముందూ "నా కోడి" అంది. కాదని ఎవరూ అనలేదు. మన ఊళ్లలో కూసే కోడిని చూపించి "ఇది నాది" అనగలిగిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఈసారి కలిసేటప్పటికి మీ మీ ఊళ్లలో అడిగి రండి. మగవాళ్లు పక్కన లేనప్పుడు అడగండి.

సెలవు.